లిబ్‌సీ మార్పిడితో ఆగిపోయిన డెబియన్ యంత్రం: విజయనగరంలో ఒక పునరుద్ధరణ కేసు

విజయనగరంలో గంటస్తంభానికి దగ్గరలో ఉన్న ఒక డీటీపీ కేంద్రంలో, డెబియన్ 12 (ఒక లినక్స్ వ్యవస్థ) పునాదిగా యజమాని స్వయంగా తయారుచేసుకున్న డెస్క్‌టాప్ వ్యవస్థ బూట్ దశలోనే ఆగిపోయింది. దానిని ఫార్మాట్ చేయకుండా, ఒక్క ఫైలూ పోకుండా తిరిగి నిలబెట్టిన క్రమాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాను. చెడిపోయిన తీరులో విశేషమేమీ లేదు. సొంతంగా లినక్స్‌ను మలచుకునేవారిలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఈ దారిలోనే వెళతారు. అయితే ఒక తప్పు మీద మరొకటి పేరుకుపోయి అసలు కారణం కనబడకుండా పోయిన యంత్రాన్ని, అది తన గురించి తాను రాసిపెట్టుకున్న రికార్డుల ఆధారంగానే విప్పుకుంటూ వెళ్లవచ్చునని చూపడానికి ఇది తగిన కేసు.

యంత్రం, దాని నిర్మాణం

మన జిల్లాల్లోని డీటీపీ కేంద్రాలలో చాలావరకు ఇప్పటికీ విండోస్ మీద పేజ్‌మేకర్, అను ఫాంట్లతోనే పని నడుస్తోంది. ఈ యజమాని మాత్రం కొన్నేళ్ల కిందటే యూనికోడ్‌కు మారి, లిబ్రెఆఫీస్, స్క్రైబస్, ఇంక్‌స్కేప్‌లతో శుభలేఖలు, కరపత్రాలు, బ్యానర్లు తయారుచేస్తున్నారు. డెబియన్‌లోని లైవ్‌బిల్డ్ సాధనంతో సొంత ఇమేజ్ (కంప్యూటర్‌లో వేసుకోవడానికి సిద్ధం చేసిన పూర్తి వ్యవస్థ ప్రతి) ఒకటి కట్టుకుని, దానినే తన కంప్యూటర్లలో వేసుకున్నారు. అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్, ఐబస్ (వేర్వేరు భాషల్లో టైపు చేయనిచ్చే ప్రోగ్రాం) ద్వారా ఎం17ఎన్ వారి తెలుగు యాపిల్ కీబోర్డు అమరిక, పోతన 2000, వేమన 2000 మొదలుకొని శీర్షికలకు వాడే గురజాడ, గిడుగు ఫాంట్ల వరకు ముందే చేర్చి ఉన్నాయి. గురజాడ అప్పారావు నివసించిన ఊళ్లో ఆయన పేరిటి ఫాంటుతో పెళ్లి శుభలేఖలు అచ్చవుతుండడం నాకు బాగా నచ్చిన సంగతి. యాపిల్ అమరిక ఉండడం వల్ల, అను ఫాంట్లకు అలవాటుపడిన ఆపరేటర్ కొత్త వ్యవస్థలో కూడా అదే వేళ్లతో టైపు చేయగలుగుతాడు. ఈ మార్పు నిలదొక్కుకోవడానికి అసలు కారణం అదేనని నా అభిప్రాయం.

దీనికి తోడు, రోజువారీ జాబ్‌లను, బిల్లులను నమోదు చేసుకునేందుకు పైథాన్‌లో ఒక చిన్న ప్యానెల్‌ను కూడా యజమానే రాసుకున్నారు. దానికి కావలసిన మాడ్యూళ్లను పిప్ (పైథాన్ మాడ్యూళ్లను తెచ్చిపెట్టే సాధనం) ద్వారా నేరుగా వ్యవస్థలోకే ఎక్కించారు. డెబియన్ 12 నుంచి పిప్ ఇలా వ్యవస్థలోకి రాయడానికి నిరాకరిస్తుంది. వ్యవస్థ ప్యాకేజీలు విరిగినా ఫరవాలేదని రాతపూర్వకంగా ఒప్పుకునే ఆప్షన్ ఇస్తేనే ముందుకు సాగుతుంది. ఆయన ఆ ఆప్షన్ ఇచ్చారు. అప్పట్లో ఏమీ విరగలేదు కూడా.

ఆగిపోయిన యంత్రం ఈ ప్యానెల్ నడిచే ప్రధాన కంప్యూటరే. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టం. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తరువాత వచ్చే మంగళవారం జరుగుతుంది కాబట్టి, దసరా ముందు రోజుల్లో ఈ ఊరి ప్రెస్సులకు, డీటీపీ కేంద్రాలకు ఊపిరి సలపదు. యంత్రం పడిపోయింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

చెడిపోయిన క్రమం

యజమాని చెప్పినదానిని, తరువాత లాగ్‌లలో నేను చూసినదానిని కలిపి ఈ క్రమాన్ని రాస్తున్నాను. ఒక ఖాతాదారు పంపిన డిజైన్ ఫైలు ఇంక్‌స్కేప్ 1.4లో తయారైంది. డెబియన్ 12లో ఉన్నది 1.2. కొత్త వెర్షన్ కోసం ఆయన ఆప్ట్ (డెబియన్‌లో ప్యాకేజీలను దించి ఇన్‌స్టాల్ చేసే సాధనం) మూలాల జాబితాలో డెబియన్ 13, అంటే ట్రిక్సీ, వరుసను కూడా చేర్చి, ఇంక్‌స్కేప్ ఒక్కదానినే ఇన్‌స్టాల్ చేయమన్నారు. పాత వరుసను తీసివేయలేదు. ఏ మూలానికి ప్రాధాన్యం ఇవ్వాలో చెప్పే పిన్నింగ్ కూడా రాయలేదు. అలాంటి స్థితిలో రెండు మూలాలకూ ఒకే ప్రాధాన్యం ఉంటుంది, ఏ ప్యాకేజీకైనా పెద్ద వెర్షన్ సంఖ్య ఉన్నదే గెలుస్తుంది.

ఒక్క ఇంక్‌స్కేప్ కోసం, దాదాపు ప్రతి ప్రోగ్రామూ వాడుకునే మూల లైబ్రరీ అయిన జీలిబ్‌సీ (క్లుప్తంగా లిబ్‌సీ) 2.36 నుంచి 2.41కి, పైథాన్ 3.11 నుంచి 3.13కి మారాయి. ట్రిక్సీలో మరో విశేషం ఉంది. 32 బిట్ల కాలగణన 2038 జనవరి 19తో నిండిపోతుంది కాబట్టి, దానిని 64 బిట్లకు మార్చే పనిలో భాగంగా అనేక లైబ్రరీ ప్యాకేజీల పేర్ల చివర టీ64 అన్న గుర్తు చేర్చారు. మన 64 బిట్ల యంత్రాలలో ఆ లైబ్రరీల లోపలి అమరిక ఏమీ మారకపోయినా పేర్లు మాత్రం మారాయి. అందుచేత కొత్త ప్యాకేజీ ఒకటి వస్తే పాత పేరుతో ఉన్న లైబ్రరీ తప్పుకోవాలి, దాని స్థానంలో కొత్త పేరుది రావాలి. ఆప్ట్ చూపిన జాబితా అంత పొడవుగా ఉండడానికి ఇదొక కారణం. ఆ జాబితాను చివరిదాకా చదివినవారు అక్కడే ఆగి ఉండేవారు.

ఇన్‌స్టలేషన్ సజావుగానే ముగిసింది, ఇంక్‌స్కేప్ కూడా తెరుచుకుంది. కానీ బిల్లుల ప్యానెల్ తెరుచుకోలేదు. సగమే మారినందువల్ల ఇలా అయిందేమోనని, మిగిలినవన్నీ కూడా మార్చేద్దామని ఆయన అప్‌గ్రేడ్ మొదలుపెట్టారు. వెయ్యికి పైగా ప్యాకేజీలు దిగి, ఒక్కొక్కటిగా విప్పుకుంటుండగా కరెంటు పోయింది. ఇన్వర్టర్ లైన్ ఆ గదిలో లైట్లకు, ఫ్యాన్లకు మాత్రమే ఉంది.

కరెంటు వచ్చాక యంత్రం లేచింది, డెస్క్‌టాప్ సగం సగంగా వచ్చింది, ప్యానెల్ మాత్రం అలాగే మొండికేసింది. మొదటి ఇన్‌స్టలేషన్ జాబితాలో లిబ్‌సీ మారినట్టు చూసి ఉన్నారు కాబట్టి, ప్యానెల్ తెరుచుకోకపోవడానికి అదే కారణమని ఆయన నిర్ణయానికి వచ్చారు. పక్కనున్న డెబియన్ 12 కంప్యూటర్ నుంచి లిబ్‌సీ ప్రధాన ఫైలు ఒక్కదానిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, దీనిలో ఉన్నదాని మీద కాపీ చేశారు. ఆ క్షణం నుంచి ఏ ఆదేశమూ నడవలేదు. కొంతసేపు ప్రయత్నించి, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేశారు. నన్ను పిలిచినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే: “ఫార్మేట్ కొట్టీడమేనా మాస్టారూ, ఇంకేటీ దారి లేదా?”

తెర మీది చివరి వాక్యం

బూట్ చేస్తే గ్రబ్ (బూట్‌లోడర్) మెనూ వచ్చింది, కెర్నెల్ ఎక్కింది, రూట్ ఫైల్ సిస్టం శుభ్రంగా ఉందన్న సందేశం కూడా కనబడింది. ఆ తరువాతే కెర్నెల్ పానిక్, అంటే కెర్నెల్ ఇక ముందుకు సాగలేక ఆగిపోవడం: ఇనిట్‌ను (కెర్నెల్ మొట్టమొదట ప్రారంభించే ప్రోగ్రాంను) చంపే ప్రయత్నం జరిగిందని, దాని ఎగ్జిట్ కోడ్ ఫలానా అని. ఆ కోడ్‌లో కనబడే పదహారు ఆధారపు విలువ 7ఎఫ్‌ను దశాంశంలోకి మారిస్తే 127 వస్తుంది. ఒక ప్రోగ్రాం మొదలు కావడానికి కావలసిన లైబ్రరీలను లోడర్ సమకూర్చలేకపోయినప్పుడు వచ్చే సంఖ్య అది.

ఇంతమాత్రంతోనే గాలింపు పరిధి చాలా తగ్గిపోతుంది. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అనేది తన లోపల తనకు కావలసిన లోడర్‌ను, లిబ్‌సీని విడిగా మోసుకెళ్లే చిన్న వ్యవస్థ. అది డిస్కును కనుగొని, పరీక్షించి, అసలు రూట్‌కు పగ్గాలు అప్పగించేంతవరకు బాగానే నడిచింది. అంటే కెర్నెల్, డిస్కు, బూట్‌లోడర్, పార్టిషన్ పట్టిక వీటిలో దేనిలోనూ లోపం లేదు. అప్పగించిన మరుక్షణం, అసలు డిస్కులో ఇనిట్‌గా నడిచే సిస్టండీ తన లైబ్రరీలతో కలవలేక పడిపోయింది. ఇలాంటి చోట చాలామంది గ్రబ్‌ను మళ్లీ ఎక్కించడంతో మొదలుపెడతారు; ఆ పని ఇక్కడ కాలహరణమే అవుతుంది.

తాకకముందు

డెబియన్ 13 లైవ్ పెన్‌డ్రైవ్‌తో (యంత్రంలోని డిస్కుతో పని లేకుండా నేరుగా నడిచే వ్యవస్థతో) బూట్ చేసి, ముందుగా ఎస్‌ఎస్‌డీ స్మార్ట్ నివేదిక చూశాను. డిస్కు ఆరోగ్యంగా ఉందని తేలాక, జీఎన్‌యూ డీడీరెస్క్యూతో మొత్తం డిస్కును బయటి హార్డ్‌డిస్కులోకి ప్రతిరూపంగా తీశాను. డిస్కులో లోపం లేనప్పుడు ఇంత ఆలస్యం ఎందుకని యజమాని అడిగారు, అది న్యాయమైన ప్రశ్నే. జరగబోయే మరమ్మతులో నేను వేలకొద్దీ ఫైళ్లను మార్చబోతున్నాను. మధ్యలో దారి తప్పితే మళ్లీ ఇదే స్థితికి, అంటే చెడిపోయిన స్థితికే, తిరిగి రాగలగడం నాకు అవసరం. ఖాతాదారుల ఫైళ్లను ప్రతిరూపం నుంచి పక్క కంప్యూటర్‌కు మార్చి, అత్యవసరమైన జాబ్‌లు అక్కడ నడిపించుకోమన్నాను. దానితో పని ఒత్తిడి తగ్గింది, మరమ్మతుకు తీరిక దొరికింది.

పరీక్ష కోసం అసలు డిస్కును చదవడానికి మాత్రమే మౌంట్ చేసేటప్పుడు ఒక సూక్ష్మం గమనించాలి. ఈఎక్స్‌టీ4ను చదవడానికి మాత్రమే అని మౌంట్ చేసినా, ఫైల్ సిస్టం జర్నల్‌లో (చేయబోయే మార్పులను ముందుగా రాసుకునే చోట) మిగిలిన రాతలు ఉంటే కెర్నెల్ వాటిని డిస్కు మీద పూర్తిచేస్తుంది. ఏ రాతా పడకూడదనుకుంటే నోలోడ్ అన్న ఆప్షన్‌ను కూడా చేర్చాలి. బలవంతంగా ఆపేసిన యంత్రాల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

రికార్డులు చెప్పిన కథ

ఆప్ట్ తన చరిత్రను వార్ డైరెక్టరీ కింది లాగ్‌లలో రాసిపెడుతుంది. ప్రతి చర్యకూ మొదలైన సమయం, వాడిన ఆదేశం, మారిన ప్యాకేజీలు పాత వెర్షన్‌తోనూ కొత్త వెర్షన్‌తోనూ, చివరగా ముగిసిన సమయం ఉంటాయి. ఇంక్‌స్కేప్ ఇన్‌స్టలేషన్‌కు ముగింపు సమయం ఉంది. ఆ తరువాతి అప్‌గ్రేడ్‌కు లేదు. కరెంటు పోయిన చోటు అదే. ఆప్ట్ కింద ప్యాకేజీలను నిజంగా విప్పి అమర్చే సాధనమైన డీపీకేజీ లాగ్‌లో ఇంకా లోతైన వివరం దొరికింది. ఏ ప్యాకేజీ విప్పబడి కన్ఫిగర్ కాకుండా మిగిలిందో, ఏది సగం కన్ఫిగర్ అయిందో, ఏ ఒక్కటి సగం ఇన్‌స్టాల్ అయిన స్థితిలో ఆగిపోయిందో వరుసగా ఉంది.

లిబ్‌సీ మీద ఫైలు కాపీ చేసిన సంగతిని యజమాని మొదట చెప్పలేదు. దాచాలని కాదు, అది ముఖ్యమని ఆయనకు అనిపించలేదు. బ్యాష్ చరిత్ర ఫైలులో ఆ ఆదేశం లేదు, ఎందుకంటే బ్యాష్ తన చరిత్రను సాధారణంగా షెల్ మూసేటప్పుడే డిస్కుకు రాస్తుంది, బలవంతంగా ఆపిన యంత్రంలో ఆ అవకాశం రాదు. కానీ నిర్వాహక అధికారంతో ఆదేశాలు నడిపే సూడో అలా కాదు; తన ద్వారా నడిచిన ప్రతి ఆదేశాన్నీ అప్పటికప్పుడు సిస్టం జర్నల్‌కు, అంటే వ్యవస్థ లాగ్‌కు, అందిస్తుంది. లైవ్ వ్యవస్థ నుంచే ఆ డిస్కులోని జర్నల్‌ను తెరిచి చూస్తే, పెన్‌డ్రైవ్ నుంచి లిబ్‌సీ ఫైలును కాపీ చేసిన వరుస స్పష్టంగా ఉంది. డీపీకేజీ వెరిఫై కూడా దానినే ధ్రువీకరించింది: ప్యాకేజీలోని ఫైళ్లన్నింటిలో ఆ ఒక్క ఫైలు చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో తెలిపే సంఖ్య) మాత్రమే తేడాగా వచ్చింది.

కాబట్టి డిస్కు మీద ఉన్నది 2.41 నాటి లోడర్, 2.36 నాటి లిబ్‌సీ. ఈ రెండూ ఒకే మూలం నుంచి ఒకేసారి కంపైలై, తమలో తాము మాత్రమే వాడుకునే అంతర్గత చిహ్నాలతో (ఫంక్షన్ల పేర్లతో) ముడిపడి ఉంటాయి. వేర్వేరు వెర్షన్లవి కలిపితే, ఎల్‌ఎస్ వంటి చిన్న ఆదేశం కూడా మొదటి అడుగులోనే ఆగిపోతుంది. ఒకవేళ ఆయన లోడర్‌ను కూడా పాతదే తెచ్చి పెట్టి ఉన్నా యంత్రం బాగుపడేది కాదు. పాత జీలిబ్‌సీతో కట్టిన ప్రోగ్రాం కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదానితో కట్టిన ప్రోగ్రాం పాతదాని మీద నడవకపోవచ్చు. అప్పటికే ఆ డిస్కులో సగం ప్రోగ్రాములు ట్రిక్సీవి.

ఇక ప్యానెల్ తెరుచుకోకపోవడానికి లిబ్‌సీతో ఏ సంబంధమూ లేదు. పిప్ ద్వారా ఎక్కించిన మాడ్యూళ్లు యూఎస్‌ఆర్‌లోని లోకల్ కింద, పైథాన్ 3.11 పేరున్న డైరెక్టరీలో ఉన్నాయి. పైథాన్ 3.13 ఆ డైరెక్టరీ వైపు చూడదు. అంతే. ప్యానెల్‌ను టెర్మినల్ నుంచి ఒక్కసారి నడిపించి ఉంటే ఫలానా మాడ్యూల్ దొరకలేదన్న వాక్యం కనబడేది, మిగతా ప్రమాదమేదీ జరిగేది కాదు. ఐకాన్ మీద నొక్కితే మౌనంగా ఊరుకునే ప్రోగ్రాములే మనుషులను ఊహాగానాలలోకి నెడతాయి.

వెనక్కా, ముందుకా

పాత డెబియన్ 12కే తిరిగి వెళ్లాలన్నది యజమాని కోరిక. నేను ఒప్పుకోలేదు. డెబియన్‌లో వెర్షన్ తగ్గించుకోవడానికి అధికారికమైన మార్గం లేదు. ప్యాకేజీలలోని నిర్వహణ స్క్రిప్టులు ముందుకు వెళ్లడం కోసమే రాసి ఉంటాయి. కన్ఫిగరేషన్ ఫైళ్లను, డేటాబేసులను కొత్త రూపంలోకి మార్చడం వాటికి తెలుసు, పాత రూపంలోకి దించడం తెలియదు. ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీలను డీపీకేజీ నమోదు చేసుకునే స్టేటస్ ఫైలులోని వెర్షన్లను రెండు విడుదలల జాబితాలతో పోల్చి చూసినప్పుడు, లిబ్‌సీ, పైథాన్, జీటీకే (కిటికీలు, బటన్లు గీసే లైబ్రరీ) వంటి మూలస్తంభాలన్నీ అప్పటికే ట్రిక్సీకి చేరిపోయాయని, వెనుకబడినవి ఎక్కువగా అప్లికేషన్లు, డాక్యుమెంటేషన్ మాత్రమేనని తేలింది. వెనక్కి మళ్లడం కంటే మిగిలిన దూరం నడవడమే తక్కువ పని. పైగా ట్రిక్సీ 2025 ఆగస్టు 9న స్థిర విడుదలగా వచ్చేసింది కాబట్టి, చేరబోయే చోటు కూడా భద్రమైనదే. లేజర్ ప్రింటర్ డ్రైవర్ విషయంలో ఆయనకు సందేహం ఉండింది. అది పాత లిబ్‌సీతో కట్టినది కాబట్టి కొత్తదాని మీద నడుస్తుందని చెప్పాను. నడిచింది.

మరమ్మతు

స్టేటస్ ఫైలులో నమోదైన వెర్షన్‌కు సరిగ్గా సరిపోయే లిబ్‌సీ ప్యాకేజీని డెబియన్ మిర్రర్ నుంచి లైవ్ వ్యవస్థలోకి దింపాను. దానిని మామూలుగా ఇన్‌స్టాల్ చేయడం కుదరదు, ఎందుకంటే ఇన్‌స్టలేషన్ స్క్రిప్టులను ఆ డిస్కులోని షెల్ నడపాలి, ఆ షెల్ అసలు లేవడమే లేదు. అలాగని ప్యాకేజీని నేరుగా రూట్ మీద విప్పడం కూడా సరికాదు. అలా చేస్తే సరైన ఇన్‌స్టలేషన్ కాదని డీపీకేజీ మాన్యువలే హెచ్చరిస్తుంది. అందుచేత ఒక తాత్కాలిక డైరెక్టరీలో విప్పి, అందులోని లోడర్‌ను, లిబ్‌సీని, దానితో వచ్చే తోటి లైబ్రరీలను మాత్రమే వాటి వాటి చోట్లకు కాపీ చేశాను. బయటి వ్యవస్థ నుంచి చేస్తున్నందువల్ల, కాపీ మధ్యలో మన కాళ్ల కింది నేలే కదిలే ప్రమాదం ఉండదు. సీహెచ్‌రూట్ (ఆ డిస్కునే వ్యవస్థగా భావించి అందులోని ఆదేశాలు నడపనిచ్చే సాధనం) ద్వారా ట్రూ అన్న అతి చిన్న ఆదేశాన్ని నడిపిస్తే తప్పు రాలేదు. వెరిఫై ఇప్పుడు ఏ తేడా చూపలేదు.

తరువాత డెవ్, ప్రాక్, సిస్ డైరెక్టరీలను, ఈఎఫ్ఐ పార్టిషన్‌ను జతచేసి లోపలికి వెళ్లాను. ఇక్కడ తరచుగా పట్టించుకోని విషయం ఒకటుంది. ప్యాకేజీలు కన్ఫిగర్ అయ్యేటప్పుడు తమ సర్వీసులను తిరిగి ప్రారంభించబోతాయి, రన్ డైరెక్టరీని కూడా జతచేసి ఉంటే లైవ్ వ్యవస్థలోని సిస్టండీనే తమదనుకుని దానితో మాట్లాడబోతాయి. 101 అన్న కోడ్‌ను తిరిగి ఇచ్చే పాలసీ స్క్రిప్టు ఒకటి పెడితే, సర్వీసులను ప్రారంభించవద్దన్న సంకేతం వాటికి అందుతుంది. మరమ్మతు అయ్యాక ఆ స్క్రిప్టును తీసివేయాలి. లేకపోతే తరువాతి అప్‌గ్రేడ్లలో ఏ సర్వీసూ తిరిగి లేవదు.

మూలాల జాబితాలో పాత విడుదల వరుసలన్నింటినీ తీసి, ట్రిక్సీ, దాని సెక్యూరిటీ, అప్‌డేట్ల వరుసలు మాత్రమే ఉంచాను. డీపీకేజీ ఆడిట్‌తో స్థితి చూసుకుని, సగం ఇన్‌స్టాల్ అయిన ఒక్క ప్యాకేజీని తిరిగి ఎక్కించి, మిగిలిపోయిన కన్ఫిగరేషన్లను పూర్తి చేయించి, విరిగిన డిపెండెన్సీలను ఆప్ట్ చేతనే సరిచేయించి, చివరగా పూర్తి అప్‌గ్రేడ్ నడిపాను. కరెంటు పోయినప్పుడు అప్పటికే దిగి ఉన్న ప్యాకేజీ ఫైళ్లు క్యాషేలో అలాగే ఉండడంతో, మళ్లీ దించుకోవలసినవి కొన్నే. కొత్త 6.12 కెర్నెల్ వచ్చింది, పాత 6.1ను కూడా మెనూలో ఉండనిచ్చాను. కన్ఫిగరేషన్ ఫైళ్ల విషయంలో డీపీకేజీ అడిగిన ప్రతి ప్రశ్నకూ తేడా చూసి జవాబిచ్చాను. ఎంటర్ నొక్కుకుంటూ పోయే చోటు అది కాదు. యజమాని చేసుకున్న మార్పులలో సగం ఈటీసీ డైరెక్టరీలోనే ఉన్నాయి.

నల్ల తెర

యంత్రం ఈసారి పానిక్ లేకుండా లేచింది, టెక్స్ట్ కన్సోల్‌లో లాగిన్ అయింది. కానీ గ్రాఫిక్ లాగిన్ రావలసిన చోట నల్ల తెర, మధ్యలో కర్సర్. లాగిన్ తెరను చూపే లైట్‌డీఎం గ్రీటర్ లాగ్ తెరిస్తే, హెచ్‌బీ అన్న అక్షరాలతో మొదలయ్యే ఒక చిహ్నం దొరకలేదని ఉంది. హెచ్‌బీ అంటే హార్ఫ్‌బజ్. అక్షరాలకు రూపం కట్టే లైబ్రరీ, మన వత్తులు, గుణింతాలు తెర మీద సరైన చోట కూర్చోవడం దాని చలవే. ట్రిక్సీలో ఉన్నది పదో వరుస వెర్షన్, ఆ చిహ్నం దానిలో ఉండి తీరాలి.

గ్రీటర్ ఏ ఏ లైబ్రరీలను ఎక్కడి నుంచి తీసుకుంటోందో ఎల్‌డీడీతో చూస్తే గుట్టు తెలిసింది. హార్ఫ్‌బజ్ వస్తున్నది యూఎస్‌ఆర్ లోకల్ నుంచి. చాలాకాలం కిందట ఒక ఫాంటులో మూడు హల్లుల సంయుక్తాక్షరాలు సరిగా పడటం లేదని, ఎవరో ఇచ్చిన సలహా మీద యజమాని హార్ఫ్‌బజ్ ఐదో వరుస వెర్షన్‌ను సోర్స్ నుంచి కంపైల్ చేసి అక్కడ ఇన్‌స్టాల్ చేశారు. డెబియన్‌లో లోడర్ ఆ లోకల్ డైరెక్టరీని వ్యవస్థ డైరెక్టరీల కంటే ముందు వెతుకుతుంది. ఫైలు పేరు ఒకటే కావడంతో ఆ పాత లైబ్రరీ ఇంతకాలం అసలుదానిని కప్పేస్తూ వచ్చింది. డెబియన్ 12లో రెండింటి మధ్య దూరం తక్కువ కాబట్టి ఎవరికీ తెలియలేదు. ట్రిక్సీలోని ప్యాంగో (హార్ఫ్‌బజ్‌ను వాడుకుని వాక్యాలను తెర మీద అమర్చే లైబ్రరీ) కొత్త చిహ్నాలను అడిగేసరికి బయటపడింది. ఇలాంటి ఫైళ్లు ఏ ప్యాకేజీకీ చెందవు కాబట్టి డీపీకేజీ రికార్డుల్లో ఉండవు, ఎంతటి అప్‌గ్రేడ్ చేసినా కదలవు. రికార్డులను నమ్ముకుని నడిచే పద్ధతికి ఉన్న హద్దు ఇది: ప్యాకేజీ వ్యవస్థను దాటివేసి చేసిన పని దాని రికార్డుల్లోకి ఎక్కదు. లోకల్ డైరెక్టరీని మొదట్లోనే విడిగా గాలించడం మేలని ఈ కేసులో మరోసారి రుజువైంది.

ఆ లైబ్రరీలను వేరే చోటికి తరలించి ఎల్‌డీకాన్ఫిగ్ (లోడర్ చూసే లైబ్రరీల జాబితాను తాజా చేసే ఆదేశం) నడిపాక లాగిన్ తెర వచ్చింది. స్వాతంత్ర్యం, రాష్ట్రం, లక్ష్మి, కార్త్స్న్యం వంటి మాటలతో ఒక పరీక్ష పేజీ తయారుచేసి, కేంద్రంలో వాడే ఫాంట్లన్నింటిలో ప్రింటు తీయించాను. ఆ పాత ఫాంటులో మూడు హల్లుల సమస్య కొత్త హార్ఫ్‌బజ్‌తో కూడా అలాగే ఉంది. సంయుక్తాక్షరానికి ఏ ఆకారం వాడాలో చెప్పే పట్టిక ఫాంటులోనే ఉంటుంది, లోపం దానిలోనే ఉంది. హార్ఫ్‌బజ్ ఉన్నది ఉన్నట్టు పాటించింది. అంటే ఆ కంపైలేషన్ వల్ల ఏనాడూ ప్రయోజనం కలగలేదు. ఆ ఫాంటును మానుకోవడమే దానికి మందు.

మార్పులను ప్యాకేజీ కిందికి తేవడం

ప్యానెల్ కోసం విడిగా ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (దాని మాడ్యూళ్లు వ్యవస్థతో కలవకుండా ఉండే ప్రత్యేక డైరెక్టరీ) సృష్టించాను. జీటీకే బంధాలు వ్యవస్థ ప్యాకేజీల నుంచి రావాలి కాబట్టి, వ్యవస్థ మాడ్యూళ్లను కూడా చూడనిచ్చే ఆప్షన్‌తో దానిని కట్టాను. పైథాన్ మళ్లీ మారినప్పుడు ఈ ఎన్విరాన్‌మెంట్‌ను తిరిగి కట్టుకోవలసి ఉంటుంది. మాడ్యూళ్ల జాబితా ఒక ఫైలులో ఉంటే అది ఒక్క ఆదేశంతో అయిపోయే పని.

ఇక ఐకాన్లు, థీమ్, లాగిన్ తెర బొమ్మ, ప్యానెల్ అమరిక. వీటిలో కొన్నింటిని యజమాని యూఎస్‌ఆర్‌లోని షేర్ డైరెక్టరీలో నేరుగా దిద్దారు. ఈటీసీలోని ఫైళ్లను మార్చే ముందు డీపీకేజీ అడుగుతుంది, షేర్‌లోని ఫైళ్ల మీద అడగకుండానే కొత్తవి రాస్తుంది. కాబట్టి ఆయన దిద్దుబాట్లు అప్‌గ్రేడ్‌లో కొట్టుకుపోయాయి. ముందు తీసిన ప్రతిరూపం ఇక్కడ రెండోసారి ఉపయోగపడింది. పాత ఫైళ్లను దాని నుంచి బయటికి తీసి, ఆయన చేసిన మార్పులన్నీ ఒక సొంత డెబ్ ప్యాకేజీగా కట్టాము. ఫాంట్లు, ఐబస్, ఎం17ఎన్ వంటివి దానికి డిపెండెన్సీలు. డెబియన్ ఫైలును మార్చక తప్పని చోట్ల డీపీకేజీ డైవర్ట్ వాడాము. అసలు ఫైలు పక్కకు జరిగి, కొత్త వెర్షన్లు కూడా ఆ పక్క చోటికే వెళతాయి, మన ఫైలు చెక్కుచెదరదు. ఇమేజ్‌ను మళ్లీ కట్టేటప్పుడు లైవ్‌బిల్డ్‌కు ఈ ఒక్క ప్యాకేజీ పేరు ఇస్తే చాలు. యజమాని ఈ భాగాన్ని నాకంటే ఉత్సాహంగా చేశారు. సొంత వ్యవస్థ కట్టుకోవాలన్న ఆయన కోరికలో తప్పేమీ లేదు. ఆ మార్పులకు ఇంతకాలం ఒక చిరునామా లేకపోయింది, అంతే.

ఈటీసీ మార్పుల చరిత్రను దాచుకోవడం కోసం ఈటీసీకీపర్, రోజువారీ స్నాప్‌షాట్ల కోసం రెండో డిస్కు మీదికి టైంషిఫ్ట్ ఏర్పాటు చేశాను. కొత్త అప్లికేషన్ ఏదైనా కావాలంటే ముందు బ్యాక్‌పోర్ట్స్‌లో (స్థిర విడుదల కోసం తిరిగి కట్టిన కొత్త ప్యాకేజీలలో), అక్కడ లేకపోతే తమ లైబ్రరీలను తామే తెచ్చుకునే ఫ్లాట్‌ప్యాక్‌లో లేదా యాప్‌ఇమేజ్‌లో చూడాలని రాసి ఇచ్చాను. ఇంక్‌స్కేప్ 1.4 యాప్‌ఇమేజ్‌గా అప్పటికే దొరుకుతోంది. లిబ్‌సీని తాకే అవసరమే ఉండేది కాదు. ఇన్వర్టర్ లైన్‌ను ఈ కంప్యూటర్ సాకెట్ దాకా లాగించాం.

తరువాత కొద్దిరోజులకు, పెద్ద బ్యానర్‌ను పీడీఎఫ్‌గా ఎగుమతి చేస్తుంటే స్థలం లేదంటోందని, డిస్కులో మాత్రం బోలెడు ఖాళీ ఉందని ఫోన్ వచ్చింది. ట్రిక్సీలో టెంప్ డైరెక్టరీ డిస్కు మీద కాక ర్యామ్‌లో ఉంటుంది, గరిష్ఠంగా ర్యామ్‌లో సగం వరకు. 8 జీబీ యంత్రంలో అది 4 జీబీ. బ్యానర్ పనికి అది చాలదు. టెంప్‌ను ర్యామ్‌లో పెట్టే మౌంట్ యూనిట్‌ను మాస్క్ చేసి (పనిచేయకుండా ఆపి) రీబూట్ చేయమన్నాను, అది మళ్లీ డిస్కు మీదికి వచ్చింది, ఎగుమతి పూర్తయింది.

మిగిలిన రెండు కంప్యూటర్లు పండుగ పనులు ముగిసేదాకా డెబియన్ 12లోనే నడిచాయి. వాటిలో ఒకదానిని లోకల్ డైరెక్టరీని ముందే ఖాళీ చేసి, విడుదల నోట్స్‌లో చెప్పిన వరుసలో ట్రిక్సీకి చేర్చాం, ఇబ్బంది రాలేదు. కౌంటర్‌లో జెరాక్స్ బిల్లులకు వాడే మూడోదానిలో ర్యామ్ తక్కువని యజమాని అప్పట్లో 32 బిట్ల డెబియన్ వేశారు. ట్రిక్సీలో 32 బిట్ల పీసీలకు ఇన్‌స్టాలర్ గానీ కెర్నెల్ గానీ లేవు, అలాంటి వ్యవస్థలను అప్‌గ్రేడ్ చేయవద్దని విడుదల నోట్స్ చెబుతున్నాయి. దాని ప్రాసెసర్ 64 బిట్లదే కాబట్టి, కొత్త ఇమేజ్ సిద్ధమయ్యాక ఆ ఒక్కదానిని మాత్రం మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయాలని నిర్ణయించాం.